గవర్నర్‌కి మామగారి ఓటు

పోస్టు తెచ్చే పని మామగారిది. పదకొండు కొట్టేసరికల్లా తలకి మఫ్లర్ చుట్టుకుని, వాకిలి చివర డబ్బా దగ్గరికి వెళ్ళి నిలబడేవారు కొండల్ రావుగారు. ఖమ్మంలో ముప్ఫై ఏళ్ళు పంతులుగా, చివర్లో హెడ్మాస్టరుగా చేసిన మనిషికి అమెరికాలోని కొలంబస్‌లో కొడుకింట్లో దొరికిన ఉద్యోగం అదొక్కటే మరి.

అక్టోబరు రెండో వారంలో ఒకరోజు ఆయన డబ్బా దగ్గర్నుంచి పరుగులాంటి నడకతో రావడం కోడలు వసుమతి వంటింటి కిటికీలోంచి చూసింది. ఇండియాలో ఎవరికేమయిందోనని తడిచేతులతోనే తలుపు దగ్గరికి ఉరికింది.

"అమ్మాయ్! వచ్చేసింది! మన పేర్లు లిస్టులోకెక్కినయ్!"

ఆయన చేతిలో రెండు కార్డులున్నాయి. ఒకటి ఆయన పేరున, ఒకటి ఆమె పేరున. పైన ఎన్నికల ఆఫీసు ముద్ర, కింద ఏవో నెంబర్లు, ఓటు వెయ్యాల్సిన చోటుగా మూడు వీధుల అవతలున్న చిన్నపిల్లల బడి పేరు, నవంబరు నాలుగు తారీఖు. రాష్ట్ర గవర్నర్ ఎన్నిక ఆ రోజే. చనిపోయినవాళ్ళ కబురు కాదు కదా, అంతే చాలనుకుంది వసుమతి. అబద్ధమెందుకు, తన పేరు అచ్చులో చూసుకుని కాస్త మురిసింది కూడా.

ఆ మురిపెం మధ్యాహ్నం మూడింటి వరకే. కూతురు విద్య బడి నుంచి వచ్చి, పుస్తకాల సంచీ సోఫాలో పడేసి, బల్ల మీది కార్డు తీసి చూసింది. పదహారేళ్ళ పిల్ల, ఇంట్లో అందరికంటే పెద్దరికం దానిదే.

"అమ్మా, ఇది నీకెందుకు వచ్చింది? నువ్ సిటిజన్ కాదు కదా."

"కాకపోతే? వచ్చే నెల ఇంటర్వ్యూ ఉందిగా."

"ఇంటర్వ్యూ ఉంటే సిటిజన్ అవరు అమ్మా. సిటిజన్స్ మాత్రమే రిజిస్టర్ చేయాలి. తాతయ్య అయితే విజిటర్! నువ్ సైన్ చేశావా? ఆ ఫారం మీద ఉంటది, ఐ యామ్ ఎ సిటిజన్ అని. లై చేస్తే పెనాల్టీ. ఇట్స్ ఇల్లీగల్, అమ్మా!"

వసుమతికి అప్పుడు గుర్తొచ్చింది ఆ సంతకం.

సెప్టెంబరు ఆఖర్లో ఒక మధ్యాహ్నం తలుపు తట్టింది ఒక తెల్లావిడ. గవర్నర్‌కి పోటీ చేస్తున్నాయన పేరున్న బిళ్ళ రొమ్ము మీద, చేతిలో అట్టకి బిగించిన కాగితాలు. ఇంట్లో పెద్దవాళ్ళెవరెవరున్నారు, ఓటర్ల లిస్టులో పేర్లున్నాయా అని అడిగింది. వసుమతికి అంతకంటే తెలిసిన పని ఇంకేముంది? వాళ్ళ ఊళ్ళో లిస్టు రాసుకునే పంతులు ఇంటికొస్తే అరుగు మీద కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళ పేర్లన్నీ తడుముకోకుండా చెప్పాలి. ఒక్క పేరు తప్పిందా, ఆ మనిషి ఉండీ లేనట్టే. ఒకసారి వాళ్ళ నాన్న పేరు అలాగే తప్పితే, బతికున్నానని చెప్పుకోవడానికి ఆయన తహసీల్దారు ఆఫీసు చుట్టూ రెండేళ్ళు తిరిగాడు.

అందుకని తెల్లావిడకీ మజ్జిగ ఇచ్చింది. ఆవిడ ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టింది. ఎన్నాళ్ళుగా ఉంటున్నారంటే పదేళ్ళని చెప్పింది. ఆవిడ ఇంకేమీ అడగలేదు. పేర్లు రాసుకుని, ఇక్కడొకటి, ఇక్కడొకటి అని సంతకాలకి వేలు చూపించింది. వసుమతి పెట్టింది. మామగారు తన సొంత పెన్ను తెచ్చుకుని మరీ పెట్టారు. ఆఫీసులో ఉన్న మొగుడి పేరు ఎక్కలేదే అని వసుమతి బాధపడింది కూడానూ! ఇప్పుడు తలుచుకుంటే తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

రిఫ్రిజిరేటర్ తలుపు మీద అయస్కాంతం కింద ఉన్న ఉత్తరం అక్కణ్ణుంచి ఆమె వంకే చూస్తోంది. నవంబరు ఆరు, గురువారం, సిన్సినాటి. భార్యాభర్తలిద్దరికీ పౌరసత్వం ఇంటర్వ్యూ. ఎన్నికకి సరిగ్గా రెండు రోజుల తర్వాత.

అంతే, వసుమతి కళ్ళముందు అన్నీ వరసగా జరిగిపోయాయి. ఆఫీసరు లిస్టు తెరుస్తాడు. ఆమె పేరు మీద వేలు పెడతాడు. భర్త జగదీష్ ఉద్యోగం పోతుంది. ఇల్లు పోతుంది. చేతులకి బేడీలేసి విమానం ఎక్కిస్తారు. చదువు సగంలో ఆగిన విద్య ఖమ్మంలో ఏ కాలేజీలో చేరుతుంది? దానికి తెలుగు రాయడమే రాదు!

"డాడీకి చెప్పేయ్ అమ్మా," అంది విద్య.

"నోరు ముయ్యి. డాడీకి చెప్పావంటే నా మీద ఒట్టే."

రెండేళ్ళ కిందట ఇలాగే తలుపు తట్టిన సేల్స్‌మన్ చూపించిన కాగితం మీద సంతకం పెడితే, ఇరవై నాలుగు సంపుటాల విజ్ఞాన సర్వస్వం వచ్చి హాల్లో కూర్చుంది. ఆ రోజు జగదీష్ చెప్పాడు, "వసూ, ఇకమీదట నాకు చూపించకుండా కిరాణా చీటీ మీద కూడా సంతకం పెట్టకు," అని. ఆ పుస్తకాలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. దుమ్ము దులిపినప్పుడల్లా అదే మాట వినిపిస్తుంది.

మర్నాడు ఎవరూ లేనప్పుడు ఎన్నికల ఆఫీసుకి ఫోన్ చేసింది. ఎవరో ఎత్తి, ఆగమని, ఏదో పాట పెట్టారు. పాట అయిపోయింది. ఇంకో పాట వచ్చింది. పొయ్యి మీద పప్పు అడుగంటింది. ఫోన్ పెట్టేసి పప్పు దించి మళ్ళీ చేస్తే ఇంకొకరెవరో ఎత్తి, మళ్ళీ అదే మొదటి పాట పెట్టారు.

పోనీ ఎవరినైనా సలహా అడుగుదామని శాంతికి చేసింది. శాంతి క్లీవ్‌లాండ్‌లో ఉంటుంది, భర్త డాక్టరు. పేరు చెప్పకుండా, తెలిసినవాళ్ళకి ఇలా అయిందట అంది.

"అమ్మో! వాళ్ళ పని అయిపోయినట్టే వసుమతిగారూ. మావారి హాస్పిటల్‌లో ఒకాయన ఏదో ఫారంలో ఒక్క టిక్కు తప్పు పెట్టాడని మూడేళ్ళు నాన్చారు. ఇంతకీ ఎవరు వాళ్ళు? మన తెలుగువాళ్ళేనా?"

"కాదు, గుజరాతీలు," అంది వసుమతి.

అడిగి తెచ్చుకున్న భయం అది. ఆ పగలంతా కూర తరిగినా, బట్టలు మడతపెట్టినా, మూడేళ్ళు, మూడేళ్ళు అని చెవిలో హోరు.

ఇక లాభం లేదని ఒక బుధవారం బస్సెక్కి డౌన్‌టౌన్ వెళ్ళింది. అసెంబ్లీ భవనం చుట్టూ రోడ్లన్నీ గవర్నర్ ఎన్నిక బోర్డులే. కుర్చీలో ఉన్నాయనవి పచ్చవి, దించుతానన్నాయనవి నీలం. ఎన్నికల ఆఫీసు కౌంటర్లో ఉన్న నల్లావిడ ఎంతో మర్యాదగా మాట్లాడింది. అదే కొంప ముంచింది.

"పేరు తీసెయ్యాలా? అదెంత పని. సంతకం చేసి ఇవ్వండి, ఎవరిది వాళ్ళే పెట్టాలి. కారణం ఏమిటని రాయమంటారు?"

కారణం! నిజం చెబితే ఈవిడ ఫోన్ ఎత్తి ఇమిగ్రేషన్ వాళ్ళకి చెప్పేయదూ? వెనక క్యూలో ఉన్నవాళ్ళంతా తన వీపునే చూస్తున్నట్టుంది.

"ఊరు మారిపోతున్నాం," అనేసింది ఇంగ్లీషులో.

"అలాగా! ఈ రాష్ట్రంలోనేనా? అయితే తీసెయ్యడమెందుకు, కొత్త అడ్రసుకి మార్చేద్దాం," అని ఆవిడ సంతోషంగా ఇంకో ఫారం తీసింది. ఆ ఫారంలోనూ సంతకం చోటుంది!

వసుమతి "మళ్ళీ వస్తాను" అని గొణిగి, పేరు తీసే ఫారాలు రెండు తీసుకుని బయటపడింది. బస్సులో కూర్చున్నాక ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఒక తప్పు కడుక్కుందామని వచ్చి ఇంకో అబద్ధం అంటించుకుని పోతోంది. అడుసు తొక్కనేల అన్నారు గానీ, తొక్కాక కడుక్కోవడానికి నీళ్ళెక్కడ దొరుకుతాయో ఎవరూ చెప్పలేదు.

ఇంకా పెద్ద తలనొప్పి ఇంట్లోనే ఉంది. లిస్టులో పేరుంటే అదొక ఎత్తు, పోయి ఓటే వేస్తే ఇంకొక ఎత్తు. మామగారు ఆ కార్డుని దేవుడి పటాల దగ్గర పెట్టి, రోజూ తీసి చదువుకుంటున్నారు.

"మన దగ్గర గవర్నర్‌ని మనల్నడిగి పెడతారా అమ్మాయ్? ఢిల్లీవాళ్ళు పంపిస్తే వచ్చి రాజ్‌భవన్‌లో కూర్చుంటాడు. కూర్చున్నోడు ఊరుకున్నాడా? ఎనభై నాలుగులో ఒక్క కాగితం ముక్కతో, మేం ఎండలో నిలబడి గెలిపించిన ప్రభుత్వాన్ని ఊడబెరికాడు. ఆ రోజు నేను అన్నం ముట్టలేదు. ఇక్కడ చూడు, జనమే ఎక్కిస్తారు, జనమే దించుతారు! ఒక్క గవర్నర్‌ని నా చేత్తో దించి పోయానంటే ఆ కసి తీరుతది."

"ఈయన మీకేం అపకారం చేశాడు మామయ్యా, పాపం?"

"ఏం చెయ్యలేదు. గవర్నరు కదా, చాలదా?"

నిజం చెప్పేస్తే పోయేదే. కానీ ఎలా చెబుతుంది? ఇంటర్వ్యూకి ఆమెని తయారుచేస్తున్నదే ఆయన. పొద్దున్నే ఇడ్లీ ప్లేటు ముందు పెట్టుకుని, సెనేటర్లు ఎంతమంది, జడ్జీలు ఎంతమంది అని ప్రశ్నలేస్తారు. మెట్రిక్ దగ్గర ఆగిపోయిన కోడలు టకటకా చెబుతుంటే ఆయన మొహం వెలిగిపోతుంది. "నువ్వు నా బళ్ళో చదివుంటే ఎక్కడికో పోయేదానివమ్మా," అంటారు. ఆ నోటితోనే, "చదవకుండా సంతకం పెట్టావా?" అనిపించుకోవాలా? పైగా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా కొడుక్కి చేరుతుంది.

అందుకని డొంకతిరుగుడుగా వచ్చింది.

"మామయ్యా, మనకెందుకండీ ఈ గొడవ? ఇద్దరం పేర్లు తీయించేసుకుందాం. ఇదిగో, ఇక్కడ ఒక్క సంతకం పెట్టండి."

ఆయన కళ్ళజోడు తీసి ఆమెను చూశారు. "లిస్టులోంచి ఎవరి పేరు కొట్టేస్తారో తెలుసా అమ్మా? చచ్చినోడిది. నా పేరు నేనే కొట్టేసుకోనా?"

"అయ్యో, శివశివా! అది కాదు మామయ్యా. ఆ రోజు బాగా చలిట. బూతుల దగ్గర తుపాకులు కూడా పేలతాయట."

"తుపాకులా!" ఆయన నవ్వారు. "ఒకసారి నన్ను ప్రిసైడింగ్ ఆఫీసరుగా ఏజెన్సీ ఊళ్ళో వేస్తే, రాళ్ళు పడుతుంటే బ్యాలెట్ పెట్టె మీద కూర్చున్నాను. తలకి నాలుగు కుట్లు. పెట్టె మీద గీత పడలేదు. నాకు చెబుతున్నావా భయాలు!"

ఇదీ వరస. ఎటు తిరిగినా గోడే. రెండుసార్లు గుండె దిటవు చేసుకుని మొగుడి దగ్గరికి వెళ్ళింది. మొదటిసారి జగదీష్ కిటికీలకి చలి ఆపే అద్దాలు బిగిస్తూ నిచ్చెన మీదున్నాడు. రెండోసారి టీవీలో ఫుట్‌బాల్ చూస్తున్నాడు.

"ఏమండీ, మీతో ఒక మాట..."

"వసూ, ఇంటర్వ్యూ అయ్యేదాకా నాకు ఏ టెన్షనూ పెట్టొద్దు. ఆఫీసులో లేఆఫ్స్ అంటున్నారు. ఏదున్నా గురువారం తర్వాత చెప్పు."

గురువారం తర్వాత చెప్పడానికి ఏం మిగులుతుంది నీ మొహం అని లోపల అనుకుని, పైకి, "కాఫీ కావాలా?" అంది.

నాలుగో తారీఖు మంగళవారం రానే వచ్చింది. వసుమతి తెల్లారే లేచి దేవుడి దగ్గర కార్డు తీసి బియ్యం డబ్బాలో అడుగుకి తోసింది. మామగారి బూట్లు తీసుకెళ్ళి బట్టలారబెట్టే డ్రయ్యర్ వెనక దాచింది. ఆయన స్నానం చేసి, ఇస్త్రీ పంచె కట్టుకుని వచ్చి కార్డు వెతికారు. ఆమె కూడా ఆయనతో కలిసి వెతికింది. పాపం చేస్తున్నానని తెలుస్తూనే సోఫా కింద కూడా చూసింది.

"సరేలే," అన్నారాయన. ఆ 'సరేలే'ని నమ్మి బేస్‌మెంట్‌లోకి బట్టలు వేయడానికి దిగింది. పది నిమిషాల్లో పైకి వస్తే ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మఫ్లర్ లేదు. కోటు లేదు. జగదీష్ మంచు బూట్లు లేవు.

వసుమతి చీర మీద కోటు తగిలించుకుని, ఇంట్లో చెప్పులతోనే పరిగెత్తింది. మూడు వీధులు, ఎటు చూసినా పచ్చ బోర్డులు, నీలం బోర్డులు. ఎవరు గెలిస్తే ఎవడిక్కావాలి, ఆ ముసలాయన సంతకం పెట్టకుండా ఉంటే చాలు స్వామీ అని మొక్కుకుంటూ బడి చేరింది. అది విద్య చదువుకున్న బడే. పిల్లలు బంతులాడే హాల్లో బల్లలు వేశారు. గోడకి పెద్ద జెండా. క్యూ లేదు. బల్ల ముందు ఒక్కరే ఉన్నారు. పంచె, మఫ్లర్, మోకాళ్ళదాకా మంచు బూట్లు.

బల్ల వెనక తెల్లజుట్టు ముసలావిడ లావుపాటి పుస్తకంలో పేరు వెతికి పట్టుకుంది. కార్డు లేకపోయినా ఫరవాలేదట. ఆయన తన ఇండియా పాస్‌పోర్టు తీసి చూపిస్తే, అదీ అక్కర్లేదని నవ్వి, పుస్తకం ఆయన వైపు తిప్పి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించింది. ఆయన జేబులోంచి పెన్ను తీసి మూత విప్పారు.

"మామయ్యా! ఆగండి! పెట్టకండి!"

హాలంతా తిరిగి చూసింది.

"వచ్చావా? నువ్వూ వెయ్యి," అన్నారాయన తాపీగా. "ఏం ఏర్పాటమ్మా ఇది! పోలీసు లేడు, ఏజెంట్లు లేరు, వేలికి సిరా కూడా వెయ్యరట."

"మామయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ పెన్ను మూసెయ్యండి."

"మళ్ళీ మొదలా? చలి లేదు, తుపాకుల్లేవు. నీకేమయింది?"

ఇక దాచడానికి చోటు లేకపోయింది. "అది దొంగ ఓటు మామయ్యా!"

ఆయన చెయ్యి గాల్లో ఆగింది.

"ఈ దేశపు పౌరులకే ఓటు. మీరు చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు. నాకూ లేదు. ఆ రోజు ఆవిడ చూపించిన కార్డు మీద చిన్న అక్షరాల్లో రాసి ఉందట, నేను చదవలేదు. చదవకుండా నేనూ పెట్టాను, మీచేతా పెట్టించాను. నెలరోజుల్నుంచి చస్తూ బతుకుతున్నాను. మీరు అక్కడ సంతకం పెడితే ఎల్లుండి మమ్మల్ని..."

కొండల్ రావుగారు పుస్తకం వంక చూశారు. తర్వాత కోడలి కాళ్ళకున్న ఇంటి చెప్పుల వంక చూశారు. నెమ్మదిగా పెన్ను మూత పెట్టారు.

"ఇరవై ఏళ్ళు ఎన్నికల డ్యూటీ చేశాను," అన్నారు చివరికి. "ఒకసారి మా సొంత బావమరిది చచ్చిపోయిన అన్న పేరున వస్తే, చెయ్యి పట్టుకుని బయటికి పంపాను. ఆయన చచ్చేదాకా నాతో మాట్లాడలేదు. నా చేత దొంగ ఓటు వేయించబోయావా తల్లీ? ఈ మాట మొదటి రోజే చెబితే నేనే వచ్చి కొట్టించేసేవాణ్ణి కదా!"

ఆ మాటకి వసుమతికి భయం పోయి ఒళ్ళు మండింది. "చెబితే మీ అబ్బాయికి చెప్పరూ? ఆయన వింటారా? ఈ ఇంట్లో నా మాట వినే తీరిక ఎవరికుంది? ఒకాయన గురువారం తర్వాతంటాడు, ఒకాయన కసి తీర్చుకుంటానంటాడు! ఫోన్ చేస్తే పాటలు పెడతారు!"

ఆయన బల్ల వైపు తిరిగి, నిటారుగా నిలబడి, హెడ్మాస్టరు ఇంగ్లీషులో అన్నారు. "మేడమ్, ఈ ఓటరుని నేను చాలెంజ్ చేస్తున్నాను."

"ఏ ఓటరుని సార్?"

"నన్నే."

ముసలావిడ కళ్ళజోడు సర్దుకుని అవతలున్న పెద్దాయన్ని పిలిచింది. ఆయన ఆ బూతుకి అధికారిట. మామగారు ఆయనకి విషయమంతా చెప్పి, "మా దగ్గర ఇలాంటిది కాగితం మీద పెడతాం, మీకు ఫారం ఉందా?" అని అడిగారు. అలాంటి ఫారం తను చూడలేదన్నాడాయన. అయితే తెల్లకాగితమూ కార్బనూ ఇమ్మన్నారు. కార్బను కోసం బడి ఆఫీసుకి మనిషి పోయింది.

వసుమతికి కొత్త దడ పుట్టింది. "కాగితం మీద ఎందుకు మామయ్యా? నోటితో చెప్పాంగా, వెళ్ళిపోదాం."

"నోటిమాట గాలికి పోతది. రేపెవరన్నా అడిగితే మనమే వచ్చి చెప్పామనేదానికి రుజువేది?"

పిల్లలు కూర్చునే పొట్టి కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా కూర్చుని, ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. పొరపాటున పేర్లెక్కాయని, తామిద్దరూ పౌరులు కారని, ఓటు వేయలేదని, వేయబోమని, పేర్లు కొట్టివేయమని ప్రార్థన. పేరు కొట్టివేయమన్న చోట పెన్ను ఒక్క క్షణం ఆగింది. తర్వాత సంతకం పెట్టేశారు.

"ఇప్పుడు నువ్వు చదువు," అన్నారు.

"మీరు రాశారుగా, నేనెందుకు..."

"చదువు."

ప్రతి ముక్కా చదివి, అప్పుడు పెట్టింది. పెద్దాయన తారీఖు వేసి, తన సంతకమూ చేసి, కార్బను కాపీ వాళ్ళకిచ్చి, అసలుది కవరులో పెట్టాడు. నెలరోజులు ఏ సంగతి ఎవరి కంటా పడకూడదని చచ్చిందో, ఆ సంగతే ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందు తన సంతకంతో సర్కారు చేతికి వెళ్ళిపోయింది. దీనికేనా చెప్పుల్లో పరిగెత్తింది అనిపించింది.

సాయంత్రం జగదీష్‌కి చెప్పక తప్పలేదు. కాపీ చదివి తల పట్టుకున్నాడు.

"నాన్నా, రైటింగ్‌లో ఇచ్చారా? ఎవరిస్తారు నాన్నా రైటింగ్‌లో! నువ్వైనా నాకు ముందే చెప్పొచ్చు కదా వసూ?"

"నిచ్చెన మీద ఉన్నప్పుడొకసారి వచ్చాను. ఫుట్‌బాల్ అప్పుడొకసారి వచ్చాను."

జగదీష్ కాపీ మడిచి ఆమె చేతికిచ్చాడు. "సరే. వాళ్ళు అడిగితేనే చెప్పు. అడక్కపోతే తియ్యకు," అన్నాడు.

"అడక్కముందే ఇవ్వు," అన్నారు మామగారు అన్నం కలుపుకుంటూ.

కుర్చీలో ఉన్నాయనే మళ్ళీ గెలిచాడని మర్నాడు పొద్దున విద్య చెప్పింది. మామగారు పేపరు మడిచి పక్కన పెట్టి, "దిగలేదన్నమాట," అన్నారంతే. వసుమతికి మాత్రం అదొక్కటే ఊరట. బట్టీ పట్టిన పేరు మార్చుకోనక్కర్లేదు.

గురువారం సిన్సినాటిలో ఇద్దర్నీ వేర్వేరుగా పిలిచారు. జగదీష్ పది నిమిషాల్లో నవ్వుతూ బయటికొచ్చాడు. వసుమతి లోపలికి వెళ్ళింది. ఆఫీసరు సన్నగా, జలుబు చేసి ఉన్నాడు. సెనేటర్లెంతమంది అన్నాడు, చెప్పింది. గవర్నర్ ఎవరు అన్నాడు, చెప్పింది. ఎంత గట్టిగా చెప్పిందంటే ఆయన తలెత్తి చూశాడు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, లేదు. ఇంకేమైనా చెప్పాలా అని మాటవరసకి అడిగి ఫైలు మూయబోయాడు.

ఆ ఫైలు మూతబడితే చాలు. ఊరుకుంటే చాలు. కానీ ఆ ఊరుకోవడాన్ని రోజూ దుమ్ము దులుపుతూ బతకాలి కదా. వసుమతి చేతిసంచీలోంచి కార్బను కాపీ తీసి బల్ల మీద పెట్టింది.

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. తుమ్మాడు. కాగితం పట్టుకుని బయటికి వెళ్ళాడు. గోడ మీద గడియారం ఇరవై రెండు నిమిషాలు తిరిగింది. వచ్చి, "దీన్ని నా పైఅధికారి చూడాలి. ఉత్తరం రాస్తాం," అన్నాడు.

"అంటే కాదనా?"

"అవుననీ కాదు, కాదనీ కాదు."

ఇంటికొచ్చేసరికి మామగారు వాకిట్లోనే ఉన్నారు.

"పాసా?"

"ఆయన పాసు. నాది చెప్పలేదు మామయ్యా."

"విత్‌హెల్డ్ అన్నమాట. విత్‌హెల్డ్ అంటే ఫెయిలు కాదమ్మా. నా సర్వీసులో ఎంతమందిని చూశాను."

ఆ మాట పట్టుకుని వసుమతి చలికాలమంతా ఈదింది. రోజూ పదకొండింటికి మామా కోడళ్ళిద్దరూ పోస్టు డబ్బా దగ్గర నిలబడేవారు. డిసెంబరులో జగదీష్ ప్రమాణం చేసి వచ్చాడు. జనవరిలో గవర్నర్ ప్రమాణం చేస్తుంటే టీవీలో చూసి, అందరి ప్రమాణాలూ అయిపోతున్నాయి, నాదే లేదు అనుకుంది. అదే నెలాఖరున మామగారు వీసా గడువు ముగిసి ఖమ్మం వెళ్ళిపోయారు. ఆమె ఉత్తరం ఏప్రిల్ దాకా రాలేదు. వచ్చినరోజు విప్పడానికి ధైర్యం చాలక, విద్య బడి నుంచి వచ్చేదాకా ఎదురుగా పెట్టుకుని కూర్చుంది.

"అమ్మా! ఓత్‌కి రమ్మన్నారు! మే ఎయిత్!"

మే ఎనిమిదిన కోర్టు హాల్లో నూరుమందితో కలిసి చెయ్యెత్తి ప్రమాణం చేసింది. బయటికొస్తే వరండాలో ఒక బల్ల, బల్ల మీద చిన్న జెండాలు, వెనక తెల్లావిడ. అట్టకి బిగించిన కాగితాలు. "కంగ్రాచులేషన్స్! ఓటరుగా పేరెక్కించుకుంటారా? ఇక్కడ సంతకం పెడితే చాలు."

వసుమతి పెన్ను తీసుకోలేదు. కార్డు తీసుకుంది. కిటికీ దగ్గరికి వెళ్ళి, మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది. వెనక వరస పెరిగిపోతోంది.

"పెట్టెయ్ వసూ, ఇప్పుడు ఫరవాలేదుగా. పార్కింగ్ టైమ్ అయిపోతోంది," అన్నాడు జగదీష్.

"ఆగండి."

చిన్న అక్షరాలన్నీ చదివింది. వెనక్కి తిప్పి అక్కడున్నవీ చదివింది. మళ్ళీ ముందుకి తిప్పి, ఆరో గడి దగ్గర ఆగిపోయింది. 'ఇంతకుముందు ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా? అయితే వివరాలు రాయండి' అని ఉంది అందులో.

"ఏమండీ," అంది వసుమతి నీరసంగా, "ఇంట్లో ఆ కార్బను కాపీ ఎక్కడ పెట్టానో మీకేమైనా గుర్తుందా?"